తెల్ల ఉప్పు తిన్న నల్ల పెయ్యలు

అరప్ బిరెచ్ పెయ్యలకు జబ్బు చేయడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. అవతలి కొండ మీద ఎవరి మేకో తుమ్మితే చాలు, ఇవతల వీటి ముక్కులు కారేవి. రేడియోలో ఎవరో వానాకాలం జాగ్రత్తలు చదువుతుంటే విని ఒకదానికి దగ్గు పట్టుకుందని వాళ్ళ ఊరు కప్తెబెన్‌లో చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళలో సగం మంది అబద్ధాలకోర్లే గానీ, దగ్గు మాత్రం నిజం.

ఆ దగ్గు అందరికంటే గట్టిగా వినబడింది అరప్ బిరెచ్ కొడుకు కిప్‌కెమెయికి. అతని పెళ్ళి ఆ పెయ్యల మీదే నిలబడి ఉంది. పిల్లనిచ్చేవాళ్ళకు మగపెళ్ళివారు పశువుల్ని తోలాలి. పెళ్ళికూతురు జెమెలి ఇంట్లో మాట ఖాయమైన రోజున, పెద్దలందరూ సొరబుర్రల్లోంచి పులిసిన పాలు తాగుతుండగా, అరప్ బిరెచ్ లేచి నిలబడ్డాడు.

"నాలుగు నల్ల పెయ్యలు ఇస్తాం. నలుపంటే మామూలు నలుపు కాదు. పక్కన నిలబడితే మీ నీడ తెల్లగా కనబడాలి" అన్నాడు.

అవతలివాళ్ళు నలుపు అడగలేదు. ఆయనే అన్నాడు. ఆ రోజు పాలు కాస్త ఎక్కువ పులిసినట్టున్నాయి.

మొక్కజొన్న కోతలయ్యాక జెమెలి పెదనాన్న అరప్ ముగున్ వచ్చి పెయ్యల్ని చూస్తాడు. నచ్చినదాని వీపు మీద తన చేత్తో వెన్న రాస్తాడు. వెన్న పడిన పెయ్య వాళ్ళది. పడకపోతే పెయ్యా, పెళ్ళీ రెండూ ఎక్కడివక్కడే. ఈ అరప్ ముగున్ ఇంతకు ముందు ఇంకో తమ్ముడి కూతురికి వచ్చిన సంబంధాన్ని తోక వంకరగా ఉందని వెనక్కి పంపాడు. తోక ఆవుదే.

కప్తెబెన్‌లో అందరి పశువులూ వారానికోసారి వాగు పక్కన ఉన్న చౌడు దిబ్బకు వెళ్తాయి. దిబ్బను నాకుతాయి, కొరుకుతాయి, మూతులకు బూడిద రంగు మట్టి పులుముకుని సాయంత్రానికి తిరిగొస్తాయి. తాతల కాలం నుంచీ అంతే. కానీ అరప్ బిరెచ్ ఊళ్ళో మొదటిసారి ఫ్రీజియన్ అనే సీమజాతి సంకరం ఆవును కొన్నవాడు. పాకకు సిమెంటు నేల వేయించినవాడు. ఇంటి వెనక పొలం చెక్కలో నేపియర్ గడ్డి పెంచి, కోసి, పెయ్యల మూతి దగ్గరకు తెచ్చి పెట్టేవాడు. అలాంటి పెయ్యలు ఊరందరి ఆవులతో కలిసి మట్టి నాకడమా?

"మట్టి నాకడానికి ఇవేమన్నా దిక్కులేనివా? మనం తినే ఉప్పే తింటాయి" అనేవాడు.

అన్నట్టే, కొట్లో దొరికే తెల్లటి ప్యాకెట్ ఉప్పు ఎనామిల్ పళ్ళెంలో పోసి పెట్టేవాడు. ఇంట్లో ఆకుకూరలో ఉప్పు తక్కువైన రోజులున్నాయి గానీ పాకలో ఎన్నడూ తక్కువ కాలేదు. పెయ్యల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకు ముందు ఆ పళ్ళెమే చూపించేవాడు.

పక్కింటి తబుతని అవ్వకు మాత్రం చూపించలేకపోయాడు. ఆవిడ చూసే ముందే నవ్వేది. ఆవిడవి నాటు ఆవులు. ఎంత చిన్నవంటే, కుక్కలు వాటిని తమవాళ్ళే అనుకుని పలకరించేవి. అవి చౌడు దిబ్బకు వెళ్ళేటప్పుడు దారి పొడుగునా కనబడిన ప్రతి పొదనూ కొరికేవి. వచ్చేటప్పుడు మిగిలిన సగం కొరికేవి. వాటిలో ఒక్కటి దగ్గగా ఎవరూ వినలేదు.

"మీ పెయ్యలకి ఉప్పుతో పాటు చెంచా కూడా ఇవ్వు నాయనా" అనేది ఆవిడ కంచె మీదుగా.

"నీ ఆవులకి ముందు ఎత్తు చెప్పులు కొనవ్వా. గడ్డిలో కనబడట్లేదు" అనేవాడు అరప్ బిరెచ్.

కోతలు దగ్గరపడేసరికి అతని దగ్గర జవాబులు అయిపోయాయి. ముందు తామర వచ్చింది. నాలుగింటి మెడల మీదా నాణెమంత బిళ్ళలు బిళ్ళలుగా బూరు ఊడింది. తర్వాత కళ్ళు పుసులు కట్టాయి. ఒకదాని గిట్ట దగ్గర ముల్లు గీరుకుంటే ఆ గీత వారాల తరబడి మానకుండా, రోజురోజుకూ ఊళ్ళో ఈగలన్నిటికీ సొంతిల్లయింది. ఆపైన గాలికుంటు వచ్చింది. ఊరంతటికీ అంతకు ముందే ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి టీకాలు వేశారు. ఊరి పశువులు బాగానే ఉన్నాయి. వీటికి మాత్రం నోళ్ళు పుండ్లు పడ్డాయి.

అన్నిటికంటే కిప్‌కెమెయికి నిద్ర పట్టకుండా చేసింది రంగు. నల్ల పెయ్యలు ఎర్రబారాయి. వానకు తడిసిన మేకు తుప్పు పట్టినట్టు, వెన్ను నుంచి డొక్కల దాకా ఇటుకపొడి రంగు పాకింది. కళ్ళ చుట్టూ బూరు తెల్లబడి, నాలుగూ కళ్ళద్దాలు పెట్టుకున్నట్టు తయారయ్యాయి. పొద్దున్నే పాకలోకి వెళ్తే, తన లెక్కల మార్కులు అడగడానికి నలుగురు హెడ్మాస్టర్లు వరసగా నిలబడినట్టుండేది అతనికి.

కిప్‌కెమెయి పాల క్యాన్లు మోటారుసైకిల్ మీద కట్టుకుని చిల్లింగ్ కేంద్రానికి చేరవేస్తుంటాడు. అక్కడికి వారానికోసారి వచ్చే పశువుల డాక్టరు లిలియన్ వంజాలను బతిమాలి బండెక్కించుకొచ్చాడు. ఆమె పెయ్యల కనురెప్పలు తిప్పి చూసింది, బూరు పీకి చూసింది, నాలుగింటి దగ్గరా రక్తం తీసుకుంది. పళ్ళెంలో ఉప్పు నాలిక మీద వేసుకుని కూడా చూసింది. మరుసటి వారం పరీక్ష ఫలితం పట్టుకుని తనే వచ్చింది.

"రాగి బాగా తక్కువుంది. సెలీనియం ఇంకా తక్కువ. జింకు కూడా అంతంత మాత్రమే" అంది.

"ఉప్పు పెడుతున్నానుగా డాక్టరమ్మా, మంచి ఉప్పు" అన్నాడు అరప్ బిరెచ్.

"చూశాను పెద్దాయనా. చాలా మంచి ఉప్పు. అందులో ఉప్పే ఉంది, ఇంకేం లేదు."

"ఉప్పులో ఇంకేం ఉండాలి?"

"ఒంటికి చిటికెడులో చిటికెడు కావలసినవి కొన్నుంటాయి. అవి లేకపోయినా ఆవు నడుస్తుంది, తింటుంది, మీ కంటికి కొవ్వెక్కినట్టే ఉంటుంది. రోగం తగిలినప్పుడే తెలుస్తుంది."

అరప్ బిరెచ్ నమ్మకం లేనట్టు చూశాడు. "అదెలా? ఇంత ఒళ్ళుంది, ఆ చిటికెడు లేకపోతే దగ్గొస్తుందా?"

డాక్టరు బల్ల మీద కూర్చుంది. "మీ తాతల కాలంలో పశువుల దొంగలొస్తే కాపలా ఎవరు కాసేవాళ్ళు?"

"కుర్రాళ్ళు. విల్లంబులతో."

"బాణాలకి ములుకులు లేవనుకోండి. కుర్రాళ్ళున్నారు. మెలకువగానే ఉన్నారు. దొంగని చూశారు, కేకలేశారు, బాణాలు కూడా వేశారు. ఏమవుద్ది?"

"దొంగకి చక్కిలిగింత పుడుతుంది" అన్నాడు కిప్‌కెమెయి.

"అదే. ఒంట్లోనూ అలా కాపలా కాసేవి ఉంటాయి. రోగాన్ని చుట్టుముట్టి మింగేస్తాయి. ఆ మింగినదాన్ని చంపడానికి వాటికి రాగి కావాలి, చంపేటప్పుడు తమ ఒళ్ళు తామే కాల్చుకోకుండా సెలీనియం కావాలి, కొత్త కాపలాదార్లు పుట్టడానికి జింకు కావాలి. వీటి ఒంట్లో అవి లేవు. అందుకే ఊరందరి ఆవులు ఒక తుమ్ముతో వదిలించుకునేది వీటికి నెలరోజుల జబ్బు."

"మరి టీకా వేయించాంగా?" అన్నాడు అరప్ బిరెచ్.

"టీకా అంటే దొంగ ఫొటో చూపించడం. చూపించాం. ఫొటో చూసి నేర్చుకోడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. వీటికి అది సగమే అబ్బినట్టుంది."

కంచె అవతల తబుతని అవ్వ చేసుకుంటున్న పని ఆపి చాలాసేపయింది. "చౌడు దిబ్బకి పంపమని నేను ముందే చెప్పాను" అంది.

"ఆ మట్టి కూడా పరీక్షకి పంపాను అవ్వా" అంది డాక్టరు. "రాగి కాస్త ఉంది. సెలీనియం దాదాపు లేదు."

అవ్వ ఆలోచించింది. "ఆ సంగతి నా ఆవులకి చెప్పమాకమ్మా. నమ్మకం పోద్ది."

"మీ ఆవులకి మట్టి ఒక్కటే కాదు. అవి రకరకాల నేలల్లో మొలిచిన ఆకూ అలమూ తింటాయి. చిన్నవి, పాలు తక్కువ, వాటికి కావలసిందీ తక్కువే. పెద్దాయన పెయ్యలు పుట్టినప్పట్నించి ఒకే చెక్కలో గడ్డి తింటున్నాయి. ఆ చెక్కలో లేనిది వీటి ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అరప్ బిరెచ్ తన చెక్క వైపు చూశాడు. గడ్డి ఆకుపచ్చగా, మనిషెత్తున, ఏ తప్పూ ఎరగనట్టు ఊగుతోంది.

డాక్టరు నాలుగింటికీ రాగి సూది వేసింది. దాణాలో కలపడానికి మినరల్ పొడి ఇచ్చింది. కొత్త బూరు నల్లగా రావడానికి రెండు మూడు నెలలైనా పడుతుందని చెప్పింది.

"రాగి అంత మంచిదైతే రెండింతలు పొడవండమ్మా. మాకు తొందర" అన్నాడు అరప్ బిరెచ్.

"పొడవొచ్చు. ఇక జన్మలో జబ్బు పడవు. చచ్చినవాటికి జబ్బులు రావు. రాగి ఎక్కువైతే విషం పెద్దాయనా."

అరప్ ముగున్ రావడానికి ఇంకో వారమే ఉంది. రావద్దని కబురు పెడదామని తల్లి తప్రాండిచ్ అంది. "ఇప్పుడొద్దంటే ఎందుకొద్దన్నారని రేపే వస్తాడు. వాడి సంగతి నీకు తెలీదు" అన్నాడు తండ్రి. కిప్‌కెమెయి ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉన్నాడంటే అతని బుర్రలో ఏదో పురుగు దూరిందని ఇంట్లోవాళ్ళకు తెలిసుండాల్సింది.

మర్నాడు అతను బజారుకు వెళ్ళి కొట్లో ఉన్న నల్ల బూటు పాలిష్ డబ్బాలన్నీ కొన్నాడు.

"పోలీసు ఉద్యోగం వచ్చిందా?" అని అడిగాడు కొట్టాయన.

"నాక్కాదు. మా ఇంట్లో నలుగురికి వచ్చింది."

అరప్ ముగున్ వచ్చే రోజు పొద్దున్నే, తండ్రి వాగు దగ్గర స్నానానికి వెళ్ళినప్పుడు, పాకలో పని మొదలుపెట్టాడు. పాత చొక్కా గుడ్డతో వెన్ను, డొక్కలు, మెడ మీద తామర బిళ్ళలు, కళ్ళ చుట్టూ మాత్రం జాగ్రత్తగా చిటికెన వేలితో. పెయ్యలు కదల్లేదు. తల దించుకుని, మంగలి ముందు కూర్చున్న ముసలాళ్ళలా నిలబడ్డాయి. ఎంత బుద్ధిగా ఉన్నాయో అని మురిసిపోయాడు కిప్‌కెమెయి. ఆఖర్న బ్రష్ కొట్టేసరికి వాటి డొక్కల్లో తన మొహం తనకే కనబడింది.

తండ్రి స్నానం చేసి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "రాగి పనిచేసింది" అన్నాడు. కొడుకు నోరు తెరిచేలోపే ఆ కబురు చెప్పడానికి కంచె దగ్గరకు పరిగెత్తాడు.

ఎండ బాగా ఎక్కాక అరప్ ముగున్ వచ్చాడు. పొడుగాటి మనిషి. టోపీ, కోటు, చేతిలో కర్ర. పాక దగ్గరకు వస్తూనే ముక్కులు ఎగబీల్చాడు.

"ఇక్కడెవరైనా పోలీసులున్నారా?"

"మావాడి బూట్లన్నయ్యా" అంది తప్రాండిచ్. కిప్‌కెమెయి కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. అరప్ ముగున్ ఆ చెప్పుల్ని కాసేపు చూసి ఊరుకున్నాడు.

అరప్ బిరెచ్ మాత్రం ఆగలేదు. రాగి అంటే ఏమిటో, ములుకులంటే ఏమిటో, కాపలా కుర్రాళ్ళు దొంగను ఎలా మింగుతారో అంతా వివరించాడు. "వారం కింద తుప్పు రంగులో ఉన్నాయి బావగారూ. ఒక్క సూదితో చూడండి ఎలా తేరాయో."

"వారంలోనా?"

"ఇవాళ పొద్దున్నే తేరాయి. నేను స్నానానికి వెళ్ళొచ్చేసరికి."

అరప్ ముగున్ నాలుగింటి చుట్టూ తిరిగాడు. తోకలు పట్టి చూశాడు. నాలుగూ తిన్నగానే ఉన్నాయి. తప్రాండిచ్ చెక్క గిన్నెలో వెన్న అందించింది. ఆయన కోటు చెయ్యి పైకి మడుచుకుని, నిండుగా వెన్న తీసుకుని, మొదటి పెయ్య మెడ నుంచి నడుము దాకా ఒక్క రాపు రాశాడు.

వెన్నకూ పాలిష్‌కూ మధ్య ఉన్న స్నేహం కిప్‌కెమెయికి అంతవరకూ తెలియదు. చెయ్యి వెళ్ళిన దారంతా నలుపు ఊడి, తుప్పు రంగు బాట ఒకటి పడింది. మధ్యలో తామర బిళ్ళ ఒకటి గుండ్రంగా బయటికొచ్చింది. అరప్ ముగున్ తన అరచెయ్యి చూసుకున్నాడు. బొగ్గు గనిలోంచి తీసినట్టుంది.

పెయ్య దగ్గింది.

"ఎవరు పూశారిది?"

"నేనే మామయ్యా" అన్నాడు కిప్‌కెమెయి.

"మీ నాన్నకి తెలుసా?"

అరప్ బిరెచ్ మొహం చూస్తే జవాబు అక్కర్లేదు. ఆయన బల్ల మీద కూలబడి, రాగి మీద పెట్టుకున్న ఆశలన్నీ ఒక్కొక్కటిగా దించుకుంటున్నాడు.

"నా దొడ్లో ముప్పై పశువులున్నాయి" అన్నాడు అరప్ ముగున్. గొంతు పెంచలేదు. "ఈ తామర, ఈ దగ్గు రంగు కింద దాచి వాటి మధ్యకి తోలదామనుకున్నావా?"

కిప్‌కెమెయి ఆ ముప్పై గురించి ఆలోచించనే లేదు. నలుపు గురించే ఆలోచించాడు. ఆ మాటే చెప్పాడు. చెప్పాక, దాచిపెట్టిందంతా కూడా చెప్పాడు: పరీక్ష ఫలితం, సూది, రెండు మూడు నెలలు. పెద్దాయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. ఆయన వేళ్ళ మధ్య నుంచి నల్ల వెన్న బొట్లు బొట్లుగా సిమెంటు మీద పడుతోంది.

"పూస్తున్నంతసేపూ ఇవి కదల్లేదా?"

"లేదు. బుద్ధిగా నిలబడ్డాయి."

"నాలుగూ?"

"నాలుగూ."

"ఒరేయ్, పొద్దున్నే ఎవడో వచ్చి గుడ్డతో కళ్ళ చుట్టూ రుద్దుతుంటే ఊరుకునే పెయ్య ఎక్కడన్నా ఉంటుందా? ఒంట్లో ఓపికున్న పెయ్యయితే నీ పళ్ళు గడ్డిలో వెతుక్కునేవాడివి. అది బుద్ధి కాదురా, నీరసం. నీకక్కడే తెలియాలి."

గుడ్డ కోసం చుట్టూ చూసి, దొరక్క, చేతిని పెయ్య వీపుకే తుడుచుకున్నాడు.

"వానలు మొదలయ్యాక వస్తాను. నువ్వు ఇదే డబ్బా పట్టుకుని వీటి దగ్గరికెళ్ళాలి. తన్నింది నాది. నిలబడింది నీది. ఒక్కటీ తన్నకపోతే పిల్లకి వేరే ఇల్లు చూసుకుంటాను."

ఆ సాయంత్రం జెమెలి ఫోన్ చేసింది. ఆమె బజారు ఊళ్ళో కుట్టుపని చేస్తుంది.

"మా పెదనాన్న చెయ్యి సబ్బుకి పోవట్లేదు. చర్చిలో అందరికీ చూపిస్తున్నాడు. పాస్టరు గారు ముట్టుకుని చూశారు."

"కోపంగా ఉన్నావా?"

"ఆవులకే రంగేశావు. రేపు నాకు జ్వరమొస్తే పౌడరు రాసి కూర్చోబెడతావా?"

కిప్‌కెమెయి ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"సమాధానం ఆలోచించి పెట్టుకో. ముందు వాటిని తన్నేలా చెయ్యి" అని పెట్టేసింది.

అప్పట్నుంచి కిప్‌కెమెయి పెయ్యల్ని ఎవరికీ వదల్లేదు. సబ్బుతో రుద్ది పాలిష్ వదలగొట్టాడు. వాగు నీళ్ళు నల్లగా పారి కింది ఊరివాళ్ళు ఫ్యాక్టరీ పెట్టారా అని అడగడానికి మనిషిని పంపారు. తామరకు మందు రాశాడు. దాణాలో పొడి డాక్టరు చెప్పిన కొలతకు గింజ ఎక్కువ కాకుండా కలిపాడు, తండ్రికి తెలియకుండా డబ్బా దాచి. అరప్ బిరెచ్ ఒకరోజు తనంతట తనే తాళ్ళు విప్పి పెయ్యల్ని చౌడు దిబ్బ దారి పట్టించాడు. ఊరంతా దారికి రెండు పక్కలా నిలబడి చూసింది. "డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ. డాక్టరమ్మ పొదలూ ఆకులూ మేపమని మాత్రమే అంది.

ముందు గిట్ట దగ్గర పుండు మానింది. ఈగలు ఇల్లు ఖాళీ చేసి పోయాయి. తర్వాత తామర బిళ్ళల్లో బూరు మొలిచింది. మొదళ్ళలో నలుపు, కొసల్లో తుప్పు. మళ్ళీ టీకా వేయించారు. వానలకు ముందు అవతలి కొండ మీద మళ్ళీ గాలికుంటు కనబడింది. కిప్‌కెమెయి ప్రతి పూటా నోళ్ళు తెరిచి చూశాడు. ఈసారి పుండ్లు లేవు. తబుతని అవ్వ కంచె మీద నుంచి చూసి, "పర్లేదు. ఇంకో ఏడాదికి నా ఆవులంతవుతాయి" అంది.

మొదటి వానలు పడ్డ వారమే అరప్ ముగున్ వచ్చాడు. కోటు జేబులోంచి బూటు పాలిష్ డబ్బా తీసి కిప్‌కెమెయి చేతిలో పెట్టాడు. డబ్బా ఆయనే కొనుక్కొచ్చాడు.

కిప్‌కెమెయి మొదటి పెయ్య దగ్గరకు వెళ్ళి వెన్ను మీద గుడ్డ ఆనించాడో లేదో, తొడ మీద తన్ను పడింది. తప్రాండిచ్ గుమ్మంలోంచి "దేవుడా, నీకు స్తోత్రం" అంది. రెండోది గుడ్డ తాకేదాకా ఆగలేదు, డబ్బా మూత తీస్తుంటేనే తన్నింది. మూడోది కాస్త ఆలోచించి తన్నింది. ఆలోచించిన తన్ను గనక కిప్‌కెమెయి వెళ్ళి గడ్డి తొట్లో పడ్డాడు. తొట్టి దిగి, కుంటుకుంటూ నాలుగోదాని దగ్గరకు వెళ్ళాడు. అది అన్నిటికంటే చిన్నది, దగ్గు ఆఖర్న వదిలినది. డబ్బా వాసన చూసింది. మెడ మీద గుడ్డ పెట్టాడు. నిలబడింది. రుద్దాడు. నిలబడే ఉంది.

అరప్ ముగున్ మూడింటికి వెన్న రాశాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. వెన్న తెల్లగానే ఉంది.

"నాలుగోదానికి బదులు వేరేది ఇస్తాను బావగారూ" అన్నాడు అరప్ బిరెచ్.

"వద్దు. ఒప్పుకున్నది అదే. దానికి కోపం వచ్చాక కబురు పెట్టండి."

"మరి పెళ్ళి?"

"పెళ్ళికేం, కానివ్వండి. పిల్ల ఒక్కతే కదా, దాన్ని నాలుగు ముక్కలు చేసి పంపం."

జెమెలి ఆ పూటే ఫోన్ చేసింది. "ఎన్ని?"

"మూడు."

"ఎక్కడెక్కడ?"

చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత, "మరి నాకు జ్వరమొస్తే?" అని అడిగింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. మీ పెదనాన్నకి కూడా చెప్తాను."

"పెదనాన్నకి అక్కర్లేదు" అంది జెమెలి.

పెళ్ళయింది. కిప్‌కెమెయి కుంటుతూనే చేసుకున్నాడు. నాలుగో పెయ్య ఇంకా ఆ పాకలోనే ఉంది. తింటుంది, తిరుగుతుంది, బూరు సగానికి పైగా నల్లబడింది. రోజూ పొద్దున్నే దాణాలో పొడి కలిపి పెట్టాక కిప్‌కెమెయి దాని వెనక్కి వెళ్ళి నిలబడి, నడుము మీద చెయ్యి వేసి, కాసేపు ఎదురుచూస్తాడు.